మాఫీ పాట

“నా పాత పాట తీసెయ్ అక్కా, కొత్తదే పెట్టు,” అంటూ ర్యాపర్ అకీల్, మానుకోట ర్యాప్ రేడియో గదిలోకి కోపంగా వచ్చాడు.

“రెండూ పెడుతున్న. జనం పాతదే అడుగుతున్నరు,” అంది రేడియో నడిపే జోయా.

“పాతదాంట్ల హరీష్‌ను తిట్టిన, నిజమే. కొత్తదాంట్ల మాఫీ అడిగిన గద.”

“రోజూ అందరికన్నా ముందుగాల పాతది అడిగేది హరీషే.”

అకీల్ నమ్మలేదు. జోయా హరీష్‌కు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది.

“నిన్ను తిట్టిన పాట నువ్వే అడుగుతున్నవా? సిగ్గు లేదా?” అన్నాడు అకీల్.

“తిట్టేటప్పుడు మరిపెడ హరీష్ అని ఊరుపేరు కల్పి తిట్టినవ్. మాఫీ అడిగేటప్పుడు నా పేరేది? ఎవన్ని అడిగినవ్ మాఫీ?”

అకీల్ ఫోన్ కట్ చేయబోతే జోయా పక్కకు జరిపింది.

“కొత్తదాంట్ల నా పేరు పెట్టేదాంక పాతదే పెట్టు అక్కా. వీడు నన్నేమన్నడో ఎవరూ మర్వొద్దు,” అన్నాడు హరీష్.

జోయా మీట నొక్కింది. పాత పాట అకీల్ గొంతులో హరీష్ పేరుతో మొదలైంది.