పలకనందుకు

కోర్టు గేటు ముందు మిర్చి లారీ ఆగింది. ఆ ఘాటుకి వీరాంజనేయులుకి ఊపిరందలేదు. అసలే ఉబ్బసం మనిషి, గోడ పట్టుకుని కూలబడ్డాడు.

సబ్ జైల్లో హెడ్ వార్డరు ఆయన. రంజాన్ అనే ఖైదీని కొట్టి చెవుడు తెప్పించాడని ఆ కుర్రాడి తండ్రి కేసు పెట్టాడు. ఇన్నాళ్లూ వకీలే చూసుకున్నాడు. తను కోర్టు మెట్లెక్కడం ఇదే మొదలు.

"సర్కారు మనిషి డ్యూటీలో చేసిన పనికి, సర్కారు అనుమతి లేనిదే కేసు నడవదు. డ్యూటీలో భాగంగా కొట్టానని చెప్పు, చాలు," అని పొద్దున్నే వకీలు నూరిపోశాడు.

చుట్టూ నల్లకోట్లు బోలెడు. దగ్గరికొచ్చింది మాత్రం ఒక్క ముసలాయన. ఆటో పిలిచి, బ్రాడీపేటలో క్లినిక్కుకి తీసుకెళ్లాడు.

ముక్కుకి మాస్కు పెట్టారు. ముసలాయన గడియారం వంక చూశాడు.

"వెళ్లొస్తానండి. నాకూ వాయిదా ఉంది. పిలిచే వేళయింది."

వీరాంజనేయులు ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "కాసేపుండండి. భయంగా ఉంది."

ముసలాయన కూర్చున్నాడు.

మంచిమనిషి పక్కనుంటే కడుపులోది దాగదు. వీరాంజనేయులు మాస్కు పక్కకి లాగాడు.

"జైల్లో పనండీ నాకు. ఖైదీల లెక్క తీసేప్పుడు పిలిస్తే పలకలేదని ఒక కుర్రాణ్ణి కొట్టాను. చెవులు పోయాయి. వాడప్పుడు నమాజు చేస్తున్నాడు. తెలిసే కొట్టాను."

ముసలాయన ఆయన మొహంలోకి తేరిపార చూశాడు.

"మరి ఆ సంగతి ఒప్పుకోకూడదా?"

"ఉద్యోగం పోతుందండి. డ్యూటీ అంటే చాలన్నాడు వకీలు."

ఆ మాట అన్నందుకు తనకే సిగ్గేసింది. ముసలాయన మాస్కు మళ్లీ సరిగ్గా పెట్టాడు.

"ముందు ఊపిరి పీల్చుకోండి."

ఇక ఫర్వాలేదని డాక్టరు చెప్పాకే ఆయన లేచి వెళ్లాడు.

గంట తర్వాత వీరాంజనేయులు కోర్టుకొస్తే వకీలు నవ్వుతూ ఎదురొచ్చాడు.

"నీ అదృష్టం బాగుందయ్యా. ఫిర్యాదీని మూడుసార్లు పిలిచారు, పలకలేదు. కేసు కొట్టేశారు. ఇక తిరగదోడేందుకు లేదు."

గుండె తేలికపడాల్సింది. పడలేదు. తను అన్యాయం చేసిన ఆ మనిషి మొహం ఒక్కసారి చూడాలనిపించింది.

"ఏడండీ, ఆ తండ్రి?"

వకీలు వరండా చివరికి చూపించాడు.

అక్కడ గుమాస్తా ముందు చేతులు కట్టుకుని, "ఒక్కసారి మళ్లీ పిలవండయ్యా, పలుకుతాను," అని బతిమాలుతున్నాడు, ఇందాక తను వెళ్లనివ్వకుండా చెయ్యి పట్టుకున్న ముసలాయన.