ఇక్బాల్ బీ వంతు

"కొట్టు ఖాలా, కొట్టు! పై వరుస నొక్కు. ఒక్క దెబ్బకు రాక్షసుడు ఖతం!" అన్నాడు మక్సూద్.

ఇక్బాల్ బీ కళ్ళద్దాలు సర్దుకుని టీవీ వైపు వంగింది. బాణం గుర్తును మూడో వరుసకు దించి నొక్కింది. తెరమీద నీలం అంగీ పిల్లవాడి చుట్టూ పచ్చటి వెలుగు తిరిగింది. తొమ్మిదికి పడిపోయిన వాడి ప్రాణం నలభైకి లేచింది.

"మళ్ళ మందే!" మక్సూద్ నెత్తి కొట్టుకున్నాడు.

"తొమ్మిదికి దిగిండు బేటా. మందు పొయ్యకుంటె ఎట్ల?"

"నువ్వు రాక్షసున్ని కొడితే, ఇగ వాన్ని కొట్టెటోడే ఉండడు గద!"

ఇప్పుడు రాక్షసుడి వంతు. వాడు ఊగి ఒక్కటి వేశాడు. ముందు నిలబడేది ఎప్పుడూ పిల్లవాడే కాబట్టి దెబ్బ వాడికే తగిలింది. అదే జట్టులో కత్తి పట్టిన వీరుడు వెనక క్షేమంగా ఉన్నాడు. లోకంలో వీరులకు ఆ తెలివి ఉంటుంది.

మహబూబ్‌నగర్ బస్టాండు వెనక సందులో మక్సూద్ నడిపే వీడియో గేముల దుకాణానికి ఇది ఆఖరి రోజు. జాగా గలాయన ఖాళీ చేయమన్నాడు. హుజూర్‌నగర్‌లో దుకాణం తెరుస్తున్న అమరేందర్ టీవీలూ మిషన్లూ కొన్నాడు. జీపు తేవడానికి వెళ్ళాడు. ఆలోగా ఖాలా ఒక్కసారి గెలిస్తే కళ్ళారా చూడాలని మక్సూద్ ఆశ. ఆమె సొంత పిన్నమ్మేమీ కాదు గానీ, తల్లి పోయిన ఏడు, రంజాన్ నెలంతా అతనికి ఇఫ్తార్ తెచ్చి పెట్టింది ఆమే.

ఆ ఆటను ఇంకెవరూ ముట్టరు. అక్షరాలన్నీ జపాన్‌వి. దూకేదో తుపాకీ పేల్చేదో అయితే కుర్రాళ్ళు ఎగబడతారు గానీ, వంతు కోసం కాచుకుని కూర్చునే ఆట ఎవరికి కావాలి? మక్సూదే నొక్కి నొక్కి చూసి తేల్చాడు: పై వరుస దెబ్బ, రెండోది మంత్రం, మూడోది మందు, నాలుగోది పారిపోవడం. ఈ రాక్షసుడి దాకా వచ్చే ఓపిక అతనికీ లేకపోయింది.

దవాఖానలో ఆయాగా చేసి రిటైరైన ఇక్బాల్ బీ ఒక ఎండాకాలం నీడకని వచ్చి ఆ ఆట ముందు కూర్చుంది. మొదటి రోజు దీపాలు పెట్టేవేళ దాకా ఆడి, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ లేచి పోయింది. ఓడిపోయి ఉంటుంది, ఇక రాదనుకున్నాడు మక్సూద్. మర్నాడు పొద్దున్నే వచ్చింది. మిషన్ బంద్ చేస్తే ఆడినదంతా పోతుంది కనుక రోజూ మొదటి నుంచీ మొదలు పెడుతుంది. ఈ పోరు దాకా వస్తుంది. రాక్షసుణ్ణి కొడుతుంది కూడా. చావుకు దగ్గరై వాడు ఎర్రబడి ఊగడం మొదలైందా, అంతే, దెబ్బ మానేసి మందు మీద పడుతుంది. దుకాణం మూసేదాకా అదే.

ఆత్మకూర్ బస్సు కోసం కాచుకుంటూ గడపలో కూర్చున్న గొర్ల బీరన్న ఇదంతా చూస్తున్నాడు.

"మా పొట్టేళ్ళ కొట్లాట గూడ గిట్లనే ఉంటది. ఒకటి గుద్ది ఎనుకకు జరుగుతది, ఇంకోటి గుద్దుతది. గని మందు తాపుకుంట కొట్లాడే పొట్టేలును నేనెన్నడు సూడలే. ఆ మందు ఎంత పోసినా ఒడువదా?"

"ఒడువది," అన్నాడు మక్సూద్.

"గసుంటి సీస ఒకటి నాకియ్యరాదు, గొర్లకు పోస్త!"

ఇక్బాల్ బీ నవ్వింది. నవ్వుతూనే మళ్ళీ మూడో వరుస నొక్కింది.

"గా రాక్షసునికి గూడ యాడనో తల్లి ఉంటదని జాలి పడుతుంది ముసలమ్మ," అన్నాడు బీరన్న.

"అవునా ఖాలా? రాక్షసుని మీద జాలా?"

"దవాఖానల జన్మంత మందులే తాపిన బేటా. చెయ్యి గదే అలవాటైంది."

జీపు వచ్చి ఆగింది. అమరేందర్ తల లోపలికి పెట్టాడు. "అన్నా, జల్ది కానియ్యి. పొద్దుగూకక ముందే నల్లగొండ దాటాలె."

మక్సూద్ ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "ఖాలా, రేపటి సంది ఈ ఆట ఉండది. నా కోసం ఒక్కసారి గెలువు. ఒక్క దెబ్బ."

ఆమె అతని మొహం చూసింది. బాణం గుర్తు పై వరుసకు వెళ్ళింది. బీరన్న కూడా లేచి నిలబడ్డాడు. బొటనవేలు మీట మీద ఆనించింది.

బాణం కిందికి దిగింది. పచ్చటి వెలుగు. నలభై.

"పిల్లగాడు నిండుగ ఉన్నడు. సాలు. గిప్పుడే బంద్ జెయ్యి బేటా, వాని వంతు రాకముందే."

"గెలువనే లేదు గద ఖాలా..." అన్నాడు మక్సూద్.

"ఫికర్ జెయ్యకు. బంద్ జేస్తవు గద?"

"జేస్త."

అతని తల మీద చెయ్యి పెట్టి ఏదో దువా చదివి, చెప్పులు వేసుకుని సందులోకి నడిచింది. ఇన్నాళ్ళలో ఆమె అంత తేలిగ్గా నడవడం మక్సూద్ చూడలేదు.

అతని చెయ్యి స్విచ్చి దాకా వెళ్ళి ఆగింది. రాక్షసుడు దెబ్బ వేశాడు, పిల్లవాడు తట్టుకున్నాడు. మళ్ళీ వంతు వచ్చింది.

"ఖాలా పేరు మీద," అంటూ పై వరుస నొక్కి, ఫలితం చూడకుండానే గడపలోకి ఉరికాడు.

"ఖాలా! గెలిచినవ్! నువ్వే గెలిచినవ్!"

ఆమె అప్పటికే మలుపు తిరిగిపోయింది. వెనకనుంచి బీరన్న మెల్లగా అతని భుజం తట్టి తెర వైపు చూపించాడు.

కూలిన రాక్షసుడి కింద నలిగి నీలం అంగీ పిల్లవాడు చచ్చిపోయాడు.