గల్లీకి ఒక్కటే డిష్

"ఎల్లుండి మళ్లీ మ్యాచులు షురూ. గా చానల్ మాకెప్పుడిస్తవో చెప్పు. చెప్పేదాక ఈడికెళ్లి కదలం!"

శంషాబాద్‌లో కేబుల్ ఆపరేటర్ మల్లేశ్వర్ కొట్టు ముందు బైఠాయించి అరుస్తున్నాడు యాదయ్య. వెనక గల్లీ జనం ఇరవైమంది దాకా ఉన్నారు.

మ్యాచులు చూపించే హక్కులన్నీ ఒకే ఒక్క చానల్ కొనేసుకుంది. ఆ చానల్‌కీ ఈ కేబుల్‌కీ పొసగలేదు. కాబట్టి చూస్తే డిష్‌లో చూడాలి. గల్లీ మొత్తానికి డిష్ ఉన్నది నరసరాజు ఇంటి మీదే. ఎయిర్‌పోర్టు కార్గోలో గుమస్తా, భీమవరం వైపు మనిషి, ఒక్కడే ఉంటాడు.

మ్యాచ్ ఉన్న రోజు ఆయనిల్లు పెళ్ళిల్లే అనుకోండి. చాపలు చాలవు, టీ గ్లాసులు చాలవు. ఔటైతే తిట్లు, సిక్సయితే ఈలలు. ఆట అయిపోయిందా, చెప్పులు వెతుక్కుని ఎవరిళ్ళకు వాళ్ళు. మళ్ళీ మ్యాచ్ వచ్చేదాకా ఆయన గోడలతో మాట్లాడుకోవాలి, పాపం. ఇక కేబుల్లోనూ ఆ చానల్ వచ్చేస్తే ఆయన గుమ్మం తొక్కేదెవరు?

అలాంటి మనిషినే ఇవాళ ఇంటికెళ్ళి మరీ వెంటబెట్టుకొచ్చి ముందు నిలబెట్టారు. సారు బాగా మాట్లాడతాడని.

"సారూ, మీరే జర గట్టిగ చెప్పుండ్రి" అంది వెనకనుంచి చంద్రమ్మ.

నరసరాజు గొంతు సవరించుకున్నాడు. లోపల ప్రాణం ఉసూరుమంటోంది.

"ఏమండీ మల్లేశ్వర్ గారూ, ఇదేం పద్ధతండీ? కంపెనీలూ కంపెనీలూ కొట్టుకుంటే చూసేవాళ్ళేం పాపం చేశారు? ఎవరింట్లో వాళ్ళు కాళ్ళు చాపుకుని, పెళ్ళాంపిల్లలతో హాయిగా చూసుకోవద్దటండీ? ఎంతకాలమని నా ఇంట్లో ఇరుక్కుని కూర్చుంటారు?"

"గట్ల అడుగుండ్రి సారూ!" అని చప్పట్లు కొట్టారు జనం.

మల్లేశ్వర్ నోరు తెరుచుకుని ఆయన వంకే చూస్తూ ఉండిపోయాడు.

"సరే తియ్. చానలోళ్ల కాయితం మీద సంతకం పెట్టుడే ఉంది. పెడ్త. రేపటి నుంచి వస్తది. ఇగ పోండ్రి" అన్నాడు.

ఇక చూడండి, గల్లీ అదిరిపోయింది. యాదయ్య సారుని ఎత్తి తిప్పినంత పని చేశాడు.

"ఇగ మీకు పరేషాన్ లేదు సారూ. ఎవరిండ్లల్ల వాళ్లం చూస్కుంటం!"

నవ్వుకుంటూ, తోసుకుంటూ అందరూ వెళ్ళిపోయారు. మా ఇంటికి రండి, కలిసి చూద్దామని ఒక్కరన్నా అనలేదు. నరసరాజు కొట్టు ముందే నిలబడిపోయాడు. ఇంటికెళ్ళి చేసేదేముంది కనక?

మల్లేశ్వర్ మెట్లు దిగి దగ్గరికొచ్చాడు.

"ఏంది సారూ ఇది? గా చానల్ ఇయ్యొద్దని నెలనెలా వచ్చి నా చేతులు పట్టుకున్నది మీరే. మీ మొఖం చూసే నేను సంతకం ఆపిన. ఇయ్యాల మీరే వచ్చి లొల్లి జేస్తిరి! వాళ్లు పిలిస్తె రానని చెప్తె అయిపోతుండె గద?"

"ఎలా చెప్పనయ్యా?" నరసరాజు కళ్ళు తుడుచుకున్నాడు. "మ్యాచ్ లేని రోజున నా కోసం మనుషులు మా ఇంటికి రావడం ఇదే మొదటిసారి."