రూల్సు తెలిసిన మనిషి

పెంచలకృష్ణ పిచ్ మధ్యలో బోర్లా పడి ఉన్నాడు. బంతి వికెట్ కీపర్ బెన్హర్ చేతిలో ఉంది. చిట్టమూరు గెలవాలంటే పెంచలకృష్ణ లేచి క్రీజులోకి చేరాలి. బోగోలు గెలవాలంటే ఆలోపే బెన్హర్ అతన్ని రనౌట్ చేయాలి.

చివరి బంతికి చిట్టమూరుకు రెండు పరుగులు కావలసి వచ్చాయి. స్కోర్లు సమమైతే, తక్కువ వికెట్లు పోగొట్టుకున్న బోగోలుదే కప్పు. మొదటి పరుగు పూర్తయ్యాక ఫీల్డర్ విసిరిన బంతి నేరుగా బెన్హర్ వైపు వికెట్లకు తగిలి, వాటి పైనున్న రెండు బెయిల్సూ ఎగిరి ఇసుకలో పడ్డాయి. అప్పటికే బ్యాట్స్‌మన్ గీత దాటాడు కనుక ఔట్ లేదు. బంతి పక్కకు దొర్లడం చూసి ఇద్దరూ రెండో పరుగుకు బయల్దేరారు. అవతలివాడు క్షేమంగా చేరాడు. పెంచలకృష్ణకు మాత్రం మ్యాట్ అంచు కాలికి తట్టుకుంది.

స్క్వేర్ లెగ్‌లో అంపైరుగా నిలబడ్డ గిద్యోను వేలెత్తడానికి సిద్ధంగా ఉన్నాడు. బ్యాట్స్‌మన్ ఎన్ని రకాలుగా ఔటవుతాడో నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. బౌల్డు, క్యాచ్, ఎల్బీ సంగతి ఎవరికైనా తెలుసు. బంతిని కావాలని రెండోసారి కొట్టినా, ఫీల్డరుకు అడ్డుపడినా, కొత్త బ్యాట్స్‌మన్ క్రీజులోకి ఆలస్యంగా వచ్చినా ఔటేనని బోగోలు జట్టుకు చెప్పి చెప్పి అతని నోరు నొప్పి పుట్టింది. ఒక్కడూ కుదురుగా కూర్చుని విన్న పాపాన పోలేదు.

‘కొట్టు, కొట్టు’ అని జనం గోల పెట్టారు. బెన్హర్ వికెట్ల వైపు చూశాడు. కింద పడ్డవాడి వైపు చూశాడు. మళ్లీ వికెట్ల వైపు చూశాడు. కొయ్యలా నిలబడిపోయాడు. పెంచలకృష్ణ మోచేతుల మీద పాకుతూ వచ్చి బ్యాటును గీత లోపల పెట్టాడు. తొమ్మిదేళ్లుగా కప్పు మొహం చూడని బోగోలు పదో ఏడు కూడా ఓడిపోయింది.

బెన్హర్‌ని సొంత జట్టువాళ్లే తన్నేవాళ్లేమో. ఈలోగా ముఖ్య అతిథి హెన్రీ గారు కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టారు. ఆయన కావలిలో ఒక ప్రైవేటు స్కూలుకు కరస్పాండెంటు. పెద్దాయన కొట్టాక మిగతావాళ్లు ఊరుకుంటారా? అందరూ కొట్టారు. పడిపోయిన మనిషిని ఔట్ చేయని మనసు ఎంతమందికి ఉంటుందని హెన్రీ గారు మైకులో కూడా చెప్పారు. బెన్హర్ తల వంచుకుని నిలబడ్డాడు. అదీ నచ్చింది జనానికి.

ఆ స్కూల్లో ఆటల మాస్టారి ఉద్యోగం ఖాళీగా ఉంది. దరఖాస్తు పెట్టింది ఇద్దరే, గిద్యోను, బెన్హర్. గిద్యోనుకు నలభై దాటింది. ఇరవై ఏళ్లుగా రొయ్యల గుంటల దగ్గర మేత చల్లుతూ, సెలవు దొరికితే అంపైరింగు చేస్తూ, ఏదో ఒకరోజు పిల్లలకు ఆట నేర్పే ఉద్యోగం రాకపోతుందా అని బతుకుతున్నాడు. ఇదివరకు రెండు స్కూళ్లు కాదన్నాయి. ఇది కూడా పోతే ఇంకెక్కడా అడగనని భార్య అబిగయీలుతో అన్నాడు. ఆమె తెల్లచొక్కా ఇస్త్రీ చేసి ఇచ్చింది.

బుధవారం ఇంటర్వ్యూ. బెన్హర్ ముందు లోపలికి వెళ్లి, వచ్చి, బస్సు టైమయిందని వెళ్లిపోయాడు. తర్వాత గిద్యోను వెళ్లాడు. హెన్రీ గారు అడిగింది ఒకటే ప్రశ్న. ఆ రోజు బెన్హర్ స్థానంలో నువ్వుంటే ఏం చేసేవాడివి అని.

“ఔట్ చేసేవాణ్ణి సార్. బెయిల్స్ రెండూ ముందే పడిపోయుండాయి. అట్టాంటప్పుడు బంతి పట్టుకున్న చేత్తోనే ఒక స్టంపు పీకాల. పీకితే ఔటే.”

“మనిషి కింద పడి ఉన్నా?”

అబద్ధం చెబితే ఉద్యోగం వస్తుందని గిద్యోనుకు తెలుస్తూనే ఉంది.

“పడున్నా ఔటే సార్. రూలు అది.”

హెన్రీ గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఇదే సంగతి బెన్హర్‌ని అడిగితే ‘అప్పుడు ఏం చెయ్యాలో తోచలేదు సార్’ అన్నాడని, అంత మంచి పని చేసి కూడా గొప్పకు పోలేదని మెచ్చుకున్నారు.

“రూల్ పుస్తకం కొట్లో దొరుకుద్ది గిద్యోనూ. పిల్లలకి మేం నేర్పించాలనుకునేది వేరే.”

బోగోలు వెళ్లే బస్సులో గిద్యోనుకు ఏడుపు వచ్చింది. ఎవరూ చూడకుండా కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. రెండు రోజులు కోపంగా ఉన్నాడు. మూడో రోజుకు ఆ కోపం తన మీదికే మళ్లింది. ఇరవై ఏళ్లలో ఎంతమందికి వేలెత్తి ఉంటాడు? వాళ్లలో ఒక్కడి మొహమైనా చూశాడా? హెన్రీ గారు అన్నదే నిజమనిపించింది.

ఆదివారం గుడిలో పాస్టరు గారి ప్రసంగం కూడా బెన్హర్ మీదే నడిచింది. ఆరాధన అయ్యాక గిద్యోను అందరిలోంచి దారి చేసుకుని వెళ్లి అతని రెండు చేతులూ పట్టుకున్నాడు.

“నీ కాడ నేను నేర్చుకోవాల్సింది శానా ఉండాది తమ్ముడా. నీకే రావాల్సిన ఉద్యోగం అది. నాకు మనసులో ఏమీ లేదు.”

బెన్హర్ మొహం ఎర్రబడింది. అటూ ఇటూ చూసి, గిద్యోనును ప్రహరీ గోడ వారకు తీసుకుపోయాడు. రేపు పిల్లకాయలకు తన మొదటి క్లాసని చెప్పాడు. దగ్గర్లో ఎవరూ లేరని మరోసారి చూసుకుని గొంతు తగ్గించాడు.

“బెయిల్స్ పడిపోయినాక రనౌట్ ఎట్టా చేస్తారన్నా?”