టేకు చేప రెక్కలు

రేపల్లె నుంచి తెనాలి వెళ్లే ప్యాసింజర్ రైల్లో, డ్రాయింగ్ పుస్తకం ఒళ్లో పెట్టుకుని షారోన్ డ్రాగన్ బొమ్మ గీస్తోంది.

పదింటికి తెనాలిలో పోటీ. ఇచ్చిన అంశం అదే.

ఈసారి కూడా ప్రైజు రాకపోతే బొమ్మలు మానేసి టెన్త్ చదువు చూసుకోమన్నాడు నాన్న.

పల్లికోనలో ఎండు చేపల తట్టతో ఒక ముసలామె ఎక్కి పక్కన కూర్చుంది. ఎదురు సీటాయన ముక్కు మూసుకున్నాడు.

“ఏంటి పిల్లా అది? బల్లి బొమ్మా?”

“కాదండి. డ్రాగన్.”

“అంటే?”

“నిప్పులు కక్కే పెద్ద పామండి. రెక్కలుంటాయి. నిజంగా ఉండదు. మా బైబిల్లో ఘటసర్పం ఉంటుందే, అలాంటిది.”

ఆమె పుస్తకం మీదికి వంగింది.

“ఒళ్లేమో దున్నపోతంత. రెక్కలేమో సీతాకోకచిలకవి. ఎట్టా ఎగిరిద్ది?”

“టీవీలో ఇలాగే ఉందండి.”

“టీవీ వోడు ఎగిరి చూశాడా ఏంటి?”

పెట్టెలో వాళ్లంతా నవ్వారు. షారోన్ తల దించుకుంది.

ఆమె తట్ట విప్పింది. బల్ల మీద పేపరు పరిచి ఒక్కొక్కటే పెట్టింది.

“ఇది సొర. నోరు చూడు, కిందికుంది. మీద పడేదాకా కనపడదు. ఇది సావడాయి.”

వెండి బెల్టులా ఉందది.

“ఇంత సన్నంగా ఉంటేనే ఒళ్లు మెలికలు తిరిగిద్ది. ఇది టేకు చేప, చాటలా వెడల్పుగుంది చూడు. రెక్కలు వీపుకి అతికించినట్టున్నాయా? తల కాడి నించి తోక దాకా ఒంట్లోంచే వచ్చాయి. లేని జంతువుకైనా ఉన్న ఒళ్లే పెట్టాల. అప్పుడే భయమేసిద్ది.”

“ఈ డ్రాగన్ని పులుసు పెడితే ఎన్ని రోజులొచ్చిద్ది మామ్మా?” అన్నాడు ఎదురు సీటాయన.

“అదే నిప్పులు కక్కిద్ది గదయ్యా. పొయ్యి కూడా అక్కర్లా.”

షారోన్ కొత్త పేజీ తిప్పింది.

వేమూరులో ఆమె లేచింది.

“ఓ చెయ్యెయ్యమ్మా, తట్ట తలకెత్తుకుంటా.”

షారోన్ ఉతికిన యూనిఫాం వంక చూసుకుంది. ఈలోగా ఎదురు సీటాయనే చెయ్యేశాడు.

తెనాలిలో ముప్పై మంది డ్రాగన్లు గీశారు. ఇరవై తొమ్మిది ఒక్కలాగే ఉన్నాయి.

మొదటి బహుమతి షారోన్‌కు వచ్చింది. నాన్న ఇక ఏమీ అనడు.

జడ్జి చలపతిరావు గారు హైదరాబాదులో పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తారు. ఆయన ఆమెను పక్కకు పిలిచారు.

“ఈ రెక్కలు ఎవరు చెప్పారమ్మా?”

“రైల్లో ఎండు చేపలమ్మే ఒక మామ్మండి.”

“సొర, సావడాయి, టేకు. బల్ల మీద పేపరు పరిచిందా?”

“అవునండి! మీకెలా తెలుసండి?”

“ఆవిడ పేరేంటి?”

“అడగలేదండి.”

ఆయన ఆ బొమ్మ వంకే చూస్తూ అన్నారు.

“ముప్పై ఏళ్ల కిందట అదే రైల్లో నాకు బొమ్మలు నేర్పిన గురువమ్మా ఆవిడ, పేరు నేనూ అడగలేదు.”