పేరు మీద టేపు

ఒప్పందం ముగిసిన రోజే మెంఫిస్ బాస్కెట్‌బాల్ జట్టు పెద్ద ఆటగాడు లాస్ ఏంజలెస్ జట్టుకు వెళ్లిపోయాడు. ఊళ్లో సగం మంది అతని పేరున్న జెర్సీలు తగలబెట్టారు. జట్టు యజమానిని మాత్రం ఒక్కడూ నిలదీయలేదు.

వెండెల్‌కు కాల్చడానికి మనసొప్పలేదు. సోఫాలో కూర్చుని, జెర్సీ వెనక ఉన్న ఆ పేరు మీద టేపు అంటిస్తున్నాడు.

"మంచి ఆటగాళ్లంతా ఆ రెండు మూడు పెద్ద ఊళ్లకే పోతే ఇంక మనం ఆడేదెందుకే? మొదలుపెట్టకముందే ఓడిపోయినట్టేగా! ద్రోహి వెధవ!"

"ఇన్నేళ్లూ జట్టుని ఒక్కడే లాగాడు," అంది భార్య లొరెటా. ఆసుపత్రి డ్యూటీ నుంచి వచ్చి ఇంకా బూట్లు కూడా విప్పలేదు. "తోడుకి ఇంకో మంచోణ్ణి తెమ్మంటే ఓనరు విన్నాడా? ఎంతకాలం లాగుతాడు?"

"ఊరి మీద ప్రేముంటే ఉండేవాడు."

"ప్రేమున్నా పోతారు, వెండెల్."

అతను తలెత్తాడు.

"ముగ్గురు నర్సుల పని నా ఒక్కదానితో చేయిస్తున్నారు. హ్యూస్టన్ ఆసుపత్రి వాళ్లు పిలిచారు. నువ్వూ రా అన్నప్పుడల్లా ఈ ఊరు వదలనన్నావు. నిన్న వాళ్లకి సరేనన్నాను."

అతని చేతిలో టేపు ఆగిపోయింది.

"టేపంతా వాడెయ్యకు," అంది లొరెటా. "వంటింట్లో నా కాఫీ కప్పు మీద కూడా పేరుంది."