సీటు ముందుకు

రెండూ సెకండ్ హ్యాండ్ ఎస్‌యూవీలే. పాతది ఎంత బురదలోంచైనా బయటపడుతుందని బ్రోకరు చెబుతున్నాడు. నేను దాని వెనక సీట్లు మడిచి, ఆ చోటును జానలతో కొలుస్తున్నాను.

"ఇదే తీసుకుందామండీ. కీమో అయ్యాక మీరు కాళ్ళు చాపుకుని పడుకోవచ్చు."

"ఏనుగును మేపుతావా? ఆ కొత్తది చూడు. చిన్నది, సందుల్లో తిరుగుతుంది, పదేళ్ళదాకా రిపేరంటూ ఉండదు," అన్నారు మా ఆయన.

"అందులో మీరు పడుకోలేరు కదా! ఎందుకండీ ఈ మొండితనం?"

ఆయన ఆయాసపడుతూ కొత్త బండిలో డ్రైవరు సీటెక్కి, తన మోకాళ్ళు స్టీరింగుకు తగిలేదాకా సీటును ముందుకు జరిపి, మెల్లగా దిగారు.

"ఇప్పుడు నువ్వు కూర్చో. బ్రేకు అందుతోందా?"

అందింది. అందలేదని చెబుదామా అనిపించింది.